మీట కింద దారం

మొన్న శనివారం సాయంత్రం అశోక్‌నగర్‌లోని మా బాల్కనీలో కూర్చుని స్టీలు లైటర్లో ఇంధనం పోస్తుంటే రెండు చుక్కలు వేలిమీద పడ్డాయి. ముందు చల్లగా తగిలింది, వెంటనే పెట్రోలు లాంటి ఘాటు వాసన. మర్నాడు పొద్దున్నే నలుగురు స్నేహితురాళ్ళం కొండెక్కడానికి వెళ్తున్నాం. వేలు సబ్బుతో కడుక్కుని, లైటరును పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరేదాకా వెలిగించకుండా పక్కన పెట్టాను. ఈ వరస నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నారాయణగూడలో మేము చదివిన ఆడపిల్లల బడిలో, బంతులూ స్కిప్పింగ్ తాళ్ళూ కుక్కిన ఆటల గదిలో, అనసూయ టీచర్ చేతుల్ని చూసి నేర్చుకున్నాను. ఆ వాసన వస్తే చాలు, ఆవిడ నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నట్టే ఉంటుంది.

అనసూయ టీచర్ మాకు ఆటలు నేర్పేవారు. కవాడిగూడలో పుట్టి పెరిగిన మనిషి. నేత చీర కొంగు నడుముకు దోపి, కాళ్ళకు కాన్వాస్ బూట్లు వేసుకుని, చిక్కడపల్లి సందుల్లోంచి బడికి నడిచొచ్చేవారు. ఏడాదికి రెండుసార్లు పాతికమంది పిల్లల్ని ఊరి బయటికి క్యాంపుకు తీసుకెళ్ళేవారు. మా నాన్నది గుడివాడ దగ్గర ఊరు, ఉద్యోగం కోసం వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. ఆడపిల్లలకు అడవులేమిటని మా ఇంట్లో అన్నప్పుడు ఆవిడే వచ్చి, మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "బియ్యం కడుగుడు ఇంట్ల గూడ నేర్పుతరమ్మా. వానల తడిసిన కట్టెతోని బువ్వ వండుడు ఎవరు నేర్పాలె?" అన్నారు. మా అమ్మ నవ్వేసింది. అలా నా మొదటి క్యాంపు ఖాయమైంది.

ఆవిడ దగ్గర ఎప్పుడూ రెండు లైటర్లుండేవి. ఒకటి స్టీలుది, లోపల దూది, వత్తి ఉండేది. రెండోది పాన్ డబ్బాల్లో దొరికే మామూలు గ్యాసు లైటరు. అది కొనడానికి వెళ్తూ ఒకసారి నన్ను కూడా తీసుకెళ్ళారు. ఒక్కో లైటరునూ ఎండకెత్తి లోపల గ్యాసు ఎంతుందో చూశారు, చక్రం తిప్పి చూశారు, నాలుగు వెనక్కిచ్చేశారు. డబ్బా అతను విసుక్కోకుండా, "టీచరమ్మా, లైటర్ కొంటున్నరా, పిల్లకు సంబంధం చూస్తున్నరా?" అన్నాడు. పక్కన నిలబడి సిగరెట్టు కాలుస్తున్న పెద్దమనిషి ఆవిడను ఎగాదిగా చూశాడు. నాకు సిగ్గేసింది. దారిలో అడిగాను, "టీచర్, అందరూ మీరు సిగరెట్టు తాగుతారనుకోరా?" అని. "అనుకుంటరు. తాగెటోని జేబుల ఉంటే ఎవరూ అడగరు. నా సంచిల ఉంటే అందరికీ పరేషానే," అని నవ్వి, సోడా తాగుదువుగాని రమ్మని తీసుకెళ్ళారు.

లైటరును ఎలా చూసుకోవాలో ఆవిడ చెప్పిన తీరు నాకిప్పటికీ మాటలతో సహా గుర్తుంది. స్టీలు లైటరు మూతపెట్టి ఉన్నా ఇంధనం ఆవిరైపోతుంది, అందుకని నెలముందు నింపి మురిసిపోకూడదు, బయల్దేరే ముందురోజు నింపాలి. చలికి గ్యాసు లైటరు మొరాయిస్తే కాసేపు గుప్పిట్లో వెచ్చబెట్టాలి. చక్రం తడిస్తే ఊది, పొడిగుడ్డ మీద రుద్ది ఆరబెట్టాలి. రెండింటినీ ఎప్పుడూ ఒకే సంచిలో పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, గ్యాసు లైటరు మీట కింద లావుపాటి దారం నాలుగు చుట్లు చుట్టాలి. "సంచిల మీద బరువు పడ్తది. మీట నొక్కుకుంటది. నీకు తెల్వకుండనే గ్యాసంత పోతది," అని చెప్పి, సైకిల్ ట్యూబు ముక్క ఒకటి లైటరుకు తొడిగేవారు. చెయ్యి జారకుండా పట్టు దొరుకుతుంది, అవసరపడితే ఆ రబ్బరు తడిలో కూడా మండుతుంది.

తొమ్మిదో తరగతి దసరా సెలవుల్లో వికారాబాద్ అవతల కొండల దగ్గరికి వెళ్ళాం. ఆ క్యాంపుకు నేను లీడర్ని. స్టీలు లైటరు ఆవిడ నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో, గ్యాసుది నా బ్యాగులో. బస్సు కోసం బడి ముందు నిలబడ్డప్పుడు పిల్లలంతా నా చుట్టూ చేరారు. గొప్పకోసం దారం విప్పి, టపటపా నాలుగుసార్లు వెలిగించి చూపించాను. బస్సు రాగానే దారం సంగతి మరిచిపోయి, లైటరును బ్యాగు అడుగుకు తోసి, దానిమీద దుప్పటీ, గిన్నెలూ కుక్కాను. మధ్యాహ్నం ఒక ఊళ్ళో భోజనానికి ఆగినప్పుడు బ్యాగు తెరిస్తే గ్యాసు వాసన గుప్పుమంది. లైటరు వెలగలేదు. ఎదురుగా కిరాణా కొట్టుంది. అగ్గిపెట్టె కొనమని ఒక్కమాట చెబితే అయిపోయేది. లీడరు బ్యాడ్జి తీసేస్తారేమోనని భయపడ్డాను. ఎలాగూ టీచర్ దగ్గర ఇంకొకటుంది కదా అని బ్యాగు మూసేశాను.

సాయంత్రం వాన పట్టుకుంది. వాగు దాటుతుంటే శిరీష అనే పిల్ల, మాకంటే ఏడాది చిన్నది, రాయిమీద కాలు జారి నీళ్ళలో పడింది. టీచర్ వెంటనే దిగి ఆ పిల్లను పట్టుకుని పైకి లాగారు. ఇద్దరూ నిలువునా తడిశారు, ఆవిడ నడుముకున్న స్టీలు లైటరుతో సహా. ముందే అనుమతి తీసుకున్న రైతు మామిడితోటలోకి వెళ్ళి, పంపుసెట్టు గది ముందున్న రేకుల వసారా కిందకు చేరాం. బట్టలు మార్చినా శిరీష వణుకు ఆగలేదు. పెదవులు నీలం తిరిగాయి, మాట తడబడుతోంది. తడిసిన స్టీలు లైటరు ఎంత తిప్పినా వెలగకపోవడంతో టీచర్ నావైపు చెయ్యి చాచారు.

"లైటర్ ఇయ్యి."

ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కారు. గ్యాసు చప్పుడు లేదు. దారం ఉండాల్సిన చోటు చూశారు, నా ముఖం చూశారు.

"మందుల డబ్బాల దూది ఉంది, తియ్యి. పొడిది. కర్పూరం గూడ," అన్నారు.

దూదిని గాలికెగిరేంత పలచగా విప్పారు. దానిమీద లైటరు వంచి, చక్రాన్ని నిప్పురవ్వ రాకుండా మెల్లగా, చాలాసేపు తిప్పారు. చకుముకి రాయి అరిగి నల్లటి పొడి దూదిమీద రాలింది. నన్ను దుప్పటి అడ్డం పట్టుకోమని, ఆ పొడి మీదికే చక్రాన్ని ఒక్కసారి గట్టిగా లాగారు. రవ్వ పడింది, ఆరిపోయింది. మళ్ళీ పొడి రాల్చారు, మళ్ళీ లాగారు. ఎన్నోసారో లెక్కపెట్టలేదు గానీ, దూది భగ్గుమంది. కర్పూరం బిళ్ళ అందుకుంది, దానిమీద ట్యూబు ముక్క, ఆపైన గదిలో రైతు దాచుకున్న ఎండు మొక్కజొన్న కట్టె. కాసేపటికి శిరీష వేడి చాయ్ గ్లాసు తనే పట్టుకుని తాగింది. నేను మంట వెనక్కి వెళ్ళి ఎవరికీ కనబడకుండా ఏడ్చాను.

కథ అక్కడితో అయిపోలేదు. సెలవుల తర్వాత శిరీష వాళ్ళమ్మ బడికొచ్చి పెద్ద గొడవ చేశారు. సిగరెట్టు లైటరు పెట్టుకుని తిరిగే మనిషితో పిల్లల్ని ఎలా పంపుతారని అడిగారు. అనసూయ టీచర్ని హెడ్మిస్ట్రెస్ పిలిపించారు. లీడర్నని నన్నూ పిలిపించారు. "లైటర్లు ఎట్ల పాడయినయి?" అన్న హెడ్మిస్ట్రెస్ ప్రశ్నకు టీచర్, "జిమ్మేదారి నాది మేడం. బయల్దేరే ముంగట రెండూ నేనే చూసుకోవాల్సి ఉండె," అన్నారు. నేను నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. క్యాంపులు ఆపేశారు.

మూడు రోజులు అన్నం సయించలేదు. ఆదివారం కవాడిగూడలో ఆవిడ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పీటవేసుకుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు.

"టీచర్, దారం నేనే విప్పాను. మధ్యాహ్నమే తెలిసింది నాకు. చెప్పలేదు."

"దారం సంగతి నాకు తెల్సు. మధ్యాహ్నం సంగతి తెల్వదు," అన్నారు. తుంచిన కాయలు గిన్నెలో పోశారు. తర్వాత, "నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? చలికి వణికింది నేనా?" అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు అరనిమిషం పట్టింది. తోడు వస్తారేమోనని ఆశగా చూశాను. రాలేదు. దోమలగూడలో శిరీష ఇల్లు ఎటో మాత్రం గుర్తులతో సహా చెప్పారు. ఒక్కదాన్నే వెళ్ళాను. వాళ్ళమ్మ ముందే శిరీషతో మొత్తం చెప్పాను, కిరాణా కొట్టు సంగతితో సహా. శిరీష బిత్తరపోయి చూసింది. వాళ్ళమ్మ, "నీకేమన్న అయితే మీ అమ్మకెట్లుంటదో గట్లనే ఉండె నాకు," అని మాత్రం అని లోపలికెళ్ళిపోయారు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మర్నాడు మాత్రం శిరీష వాళ్ళమ్మే బడికి వెళ్ళి హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడారని తర్వాత తెలిసింది.

క్యాంపులు మళ్ళీ మొదలవడానికి ఏడాది పట్టింది. బయల్దేరే రోజు టీచర్ అందరినీ వరసలో నిలబెట్టి, "లీడర్ శిరీష," అన్నారు. నేను తలదించుకున్నాను. ఆవిడ నా దగ్గరికొచ్చి గ్యాసు లైటరు, ఒక దారపు ఉండ నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరనే," అన్నారు. ఆ తర్వాత జీవితంలో నాకు కొన్ని మెప్పులు దొరికాయి. వాటిలో ఏదీ దీనికి సాటిరాదు.

ఇప్పుడు నాకు చిక్కడపల్లిలో చిన్న మందుల షాపుంది. అనసూయ టీచర్ పోయి రెండేళ్ళయింది. చివరిరోజుల్లో శిరీషా నేనూ వంతులవారీగా వెళ్ళి కూర్చునేవాళ్ళం. ఆవిడ పోయిన కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం షాపులో స్టాకు చూసుకుంటుంటే, పొద్దున ఒక పెద్దాయనకు బీపీ మాత్రలు రాసినదానికంటే రెట్టింపు మోతాదువి ఇచ్చానని తెలిసింది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. చీటీమీద చిరునామా ఉంది. షట్టరు సగం దించి, సరైన మాత్రలు పట్టుకుని నడిచాను. మెట్లెక్కి తలుపు కొట్టాను. ఆయన ఇంకా మాత్ర వేసుకోలేదు, రాత్రి భోజనం తర్వాత వేసుకోవాలట.

"తప్పు నాదేనండీ," అన్నాను.

ఆయన పది నిమిషాలు తిట్టారు. కోడలు కూడా వచ్చి తిట్టింది. అడ్డు చెప్పకుండా నిలబడి విన్నాను. మాత్రలు మార్చి ఇచ్చి, ఆయన బీపీ చూసి, కిందకు దిగాను. వీధిలో జనం, మిర్చిబజ్జీల వాసన, ఆటోల హారన్లు. ఉదయం నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు బజ్జీలు కట్టించుకుని, అక్కడే నిలబడి, నింపాదిగా తిన్నాను.