లేహ్ నుంచి రాయచోటికి వేలెడు దూరం

శుక్రవారం షరఫియా బజారులో కలిసినప్పుడల్లా మా రాయచోటి ఆడవాళ్ళు నన్ను ఒకే మాట అడుగుతారు.

"లడాఖ్ చూసొచ్చినావంట కదక్కా, ఎట్లుందో చెప్పు."

జెడ్డాలో ఇంటిపని చేసుకునే మాలో ఆ మంచుకొండలు చూసినదాన్ని నేనొక్కదాన్నే. శానా బాగుందంటాను. నిజమే. చంకలో మేడం చంటిపిల్ల, భుజాన డైపర్ల సంచి ఉన్నా బాగానే కనబడింది.

ఆ ప్రయాణంలో నా తప్పు కూడా కొంత ఉంది. పోయిన వేసవిలో మేడం షికారు పోదామని లడాఖ్‌లోని లేహ్ పేరు చెప్పి, "మీ ఊరికి దగ్గరేనా?" అని అడిగింది. నా మనసంతా మనవరాలి మీద ఉంది. పుట్టి రెండేళ్ళయినా దాన్ని ఒక్కసారీ ఎత్తుకోలేదు. దూరమంటే, ఆ చోటు తెలియనిదాన్నని నన్ను వదిలేసి, వంటచేసే ఇండోనేషియా ఆమెను వెంట తీసుకుపోతుంది. నలభై ఏడో ఏట నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుంటూ ఫోను పటంలో రెండు ఊళ్ళూ వెతికాను. మధ్యలో వేలెడు దూరం. అక్షరాలైతే వచ్చాయి గానీ పటం చదవడం ఎవరూ నేర్పలేదు.

"దగ్గరే మేడం," అన్నాను.

"అయితే అక్కడి నుంచి రెండు రోజులు ఇంటికి పోయి రా," అంది.

ఇంత దయగల ఇల్లు దొరికిందని షరఫియా అంతా చెప్పుకుని తిరిగాను.

లేహ్‌లో హోటలాయన హిందీలో లెక్క చెప్పాడు. రాయచోటికి పోవడానికి ఒక రోజు, లేహ్ విమానాలు పొద్దున పూటే కాబట్టి రావడానికి రెండు. రెండు రోజుల సెలవులో నేను ఇల్లు చేరేలోపే తిరుగు దారి పట్టాలన్నమాట. ఇంకో రెండు రోజులు ఇమ్మని మేడంను బతిమాలాను.

"దగ్గరని చెప్పింది నువ్వే కదా? దేశం నాదా, నీదా?"

దేశం నాదే. నా పాస్‌పోర్టు మాత్రం బాబా బ్యాగులో ఉంది. బాబా అంటే మా యజమాని.

మేడం మాట తప్పే మనిషి కాదు. ఆ రెండు రోజుల సెలవూ లేహ్‌లోనే ఇచ్చింది. మొదటిరోజు, చంటిది నా దగ్గర తప్ప ఊరుకోదని నన్నూ బౌద్ధ మఠానికి తీసుకుపోయింది. ఎక్కలేక రొప్పుతున్న మేడం చెయ్యి పట్టుకుని, బిడ్డను ఎత్తుకుని, సెలవులో ఉన్న నేను ఆ మెట్లన్నీ ఎక్కాను. పైన గోడమీద అక్కడి లిపిలో ఏదో రాసుంది.

"చదివి చెప్పు."

"రాదు మేడం."

"మీ దేశం రాత నీకే రాదా?"

చంటిది మాత్రం వరసగా ఉన్న ప్రార్థన చక్రాలను తిప్పుతూ కేరింతలు కొట్టింది. నా సెలవును బాగా వాడుకున్నది అదొక్కతే.

రెండోరోజు అందరూ పెద్ద సరస్సు చూడ్డానికి పోయారు. కారులో చోటు చాలక నన్ను వదిలేశారు; ఆ రోజు చంటిది నేను లేకుండానే ఊరుకుంది. ఉన్ని నేసే ఒక ముసలామె ఇంటి ముందు ఆగాను. నా భాష ఆమెకు రాదు, ఆమె భాష నాకు రాదు. కూర్చోబెట్టి ఉప్పు టీ ఇచ్చింది. మగ్గం పక్కన బుట్టలో పిల్లల టోపీలున్నాయి. మనవరాలికని ఎర్రది తీశాను. మా కడప వైపు ఎండకు ఉన్ని టోపీ! ఆమె తన తల చుట్టూ చెయ్యి తిప్పి, తల ఎంతుంటుందని సైగ చేసింది.

నాకు తెలీదు. ఫోనులో ముఖం చూశాను గానీ ఆ తలను ఒక్కసారీ నిమరలేదు. మేడం బిడ్డ తలైతే కళ్ళు మూసుకుని చూపించగలను. అదే కొలత చూపించాను.

ఆ టోపీ ఇప్పుడు జెడ్డాలో నా పెట్టెలో ఉంది.

మొన్న మేడం మళ్ళీ ఫోను తెరిచింది. "ఈసారి ఎక్కడికి పోదాం? నాకు కొండా చలీ కావాలి."

"హార్స్‌లీ హిల్స్," అన్నాను.

"సరస్సు ఉందా?"

"ఉంది మేడం." చిన్నదని చెప్పలేదు.

"మఠం?"

"కడుతున్నారు."

"మంచు?"

"మీరొస్తే పడుతుంది."

ఈసారి దూరాన్ని వేలితో కొలవలేదు. షరఫియాలో మదనపల్లె డ్రైవరన్నను అడిగి, ఆ కొండ నుంచి రాయచోటికి బస్సులో ఎన్ని గంటలో నా చేత్తో కాగితం మీద రాసుకున్నాను. పొద్దున పోతే సాయంత్రానికి తిరిగి రావచ్చు. మేడం ఇంకా సరేననలేదు. అనేలోపు మనవరాలి తల టోపీని దాటకుండా ఉంటే చాలు.