కంటికీ చెవికీ మధ్య ఆరు సెంటీమీటర్లు

ఇంటర్ పేపర్లు దిద్దడానికి రాజమండ్రి వెళ్లిన ఏడాది, మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్‌కి కవరు కొందామని ఒక కొట్లోకి వెళ్లి, కెమెరాతో బయటికొచ్చాను. నేను భీమవరంలో ఫిజిక్స్ లెక్చరర్ని. అప్పటిదాకా ఫొటో అంటే నాకు ఫోన్లో తీసేదే. ఆ కొట్లో కవర్ల వరసల వెనక, అద్దాల బీరువాలో, మూతి ముందుకు చాచినట్టున్న బరువైన లెన్సుతో ఒక పాత ఫిల్ము కెమెరా కనిపించేసరికి అక్కడే నిలబడిపోయాను.

కొట్టుగల పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి. ఒకప్పుడు అదే ఆయన ఫొటో స్టూడియో. జనం ఫొటోలకి రావడం మానేశాక కవర్లూ ఛార్జర్లూ పెట్టారు. నేను అడగ్గానే కౌంటర్ మీద మెత్తటి గుడ్డ పరిచి, కెమెరాని దానిమీద పెట్టారు.

"దీన్ని రేంజ్‌ఫైండర్ అంటారండి. ఇందులో లెన్సులోంచి చూడం. ఇదిగో, ఈ చిన్న కిటికీలోంచి చూడాలి. మధ్యలో పసుపు మచ్చ కనబడుతోందాండీ?"

కనబడింది. ఆ మచ్చలో ఎదురుగోడ మీది క్యాలెండరు రెండుగా ఉంది. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతుంటే ఒక క్యాలెండరు నెమ్మదిగా జరిగి రెండోదానిలో కలిసిపోయింది. అవి రెండూ ఒకటైనచోట ఫోకస్ కుదిరినట్టు. రెండు కిటికీలు, వాటి మధ్య దూరం, ఒక కోణం. ఏటా బోర్డు మీద నేను గీసే త్రిభుజమే అది. చేత్తో తిప్పి చూడటం మాత్రం అదే మొదలు.

"లెన్సు మొహాలు తియ్యడానికేనండి," అన్నారాయన. "పోర్ట్రెయిట్ లెన్సు. మనిషి మాత్రం తేలి వస్తాడు, వెనకాలదంతా పొగమంచులా పోతుంది. నా పెళ్లికి ముందు నుంచీ ఉందిది."

ఎందుకు కొన్నానో ఇంట్లోవాళ్లకి సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ పసుపు మచ్చ లోపల ఏముందో తెలుసుకోవాలని ఉంది, అంతే.

బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము ఆన్‌లైన్లో తెప్పించాను. మొదటి రోలు మా స్టాఫ్‌రూంలోనే అయిపోయింది. దాన్ని కడగడం కూడా నేనే నేర్చుకున్నాను. మా చుట్టూ రొయ్యల చెరువులే కాబట్టి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అవి ఫిల్ముకి పనికిరావు. క్యాను నీళ్లు వాడాను. మందు కలిపిన నీళ్లు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. మా కుళాయి నీళ్లు పొద్దున్నే కూడా ముప్ఫైకి తగ్గవు. అయితే మా ఊళ్లో ఐసుకి లోటేముంది? చేపలకి కొట్టే ఐసు ఒక బకెట్టు తెచ్చి, అందులో సీసాలు నిలబెట్టి, థర్మామీటర్ పట్టుకు కూర్చున్నాను. బాత్రూమంతా చేపల వాసన.

ఫిల్ము ఆరాక వెలుతురుకి పెట్టి, భూతద్దంతో చూశాను. జువాలజీ మేడం చెవి కమ్మల్లో రాళ్లు లెక్కపెట్టొచ్చు. ప్రిన్సిపాల్ గారి చెవి పక్క వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. కళ్లు మాత్రం అందరికీ మసక. నేను ఫోకస్ కలిపింది ప్రతిసారీ కంటికే.

చెయ్యి కుదరలేదేమో అనుకున్నాను. రెండో రోలుకి కెమెరాని స్టాండు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి తీశాను. మళ్లీ చెవులే వచ్చాయి. ఇద్దరు ముగ్గురిలో తప్పు జరిగితే నాది అనుకోవచ్చు. ఇరవై మందిలో ఒకేలా జరిగితే అది తప్పు కాదు, కొలవదగ్గ విషయం. మర్నాడు ల్యాబులో పొడవాటి బల్లమీద మీటరు స్కేలుని కెమెరాకి ఎదురుగా, దూరంగా పోయేలా పడుకోబెట్టాను. సరిగ్గా మధ్యలో ఉన్న యాభై అంకెకి ఫోకస్ కలిపి నొక్కాను. ఫిల్ము కడిగితే యాభై మసకగా ఉంది. యాభై ఆరు కత్తిలా ఉంది. లెన్సు నేను చూపించిన చోటికి ఆరు సెంటీమీటర్లు వెనక చూస్తోంది. కంటికీ చెవి ముందుభాగానికీ ఇంచుమించు అంతే దూరం.

తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి రాజమండ్రి వెళ్లి పెద్దాయనకి నెగెటివ్ చూపించాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఆయ్, కంటికి కలిపితే కన్ను రాదండి. ముక్కు కొసకి కలిపి, వేలెడంత వెనక్కి వాలి నొక్కాలి. అప్పుడు కళ్లు బాగా వస్తాయి."

"మీరెప్పుడూ అలాగే తీశారా అండీ?"

"నలభై ఏళ్లు."

"ఎందుకలా అని ఎప్పుడూ చూడలేదా?"

ఆయన నాకేసి కాస్త జాలిగా చూశారు. "కళ్లు వచ్చేవి కదమ్మా. ఇంకెందుకు చూడాలి?"

అయినా అడిగితే కాదనలేదు. లెన్సుని తన అరచేతిలో పెట్టుకుని, గాజులున్న భాగాన్ని మరమేకులా తిప్పి గొట్టంలోంచి బయటికి తీశారు. లోపల మెట్టులాంటి చోటుని చూపుడువేలి గోరుతో తడిమారు. "ఇక్కడ సన్నటి రింగు ఒకటి ఉండాలండి. నేను కొన్నప్పటికే ఎవరో తుడవడానికి విప్పి, తిరిగి పెట్టడం మర్చిపోయుంటారు. ఎంత మందముండేదో మరి."

తిరుగు బస్సులో రావులపాలెం దగ్గర అరటిగెలల లారీల వెనక ఆగిపోయినప్పుడు ఆ రింగు మందం లెక్క చేసుకున్నాను. ఒక మిల్లీమీటరులో అయిదో వంతు. అంత సన్నటి రేకు లేకపోవడం వల్ల ఒక మనిషి నలభై ఏళ్లు ప్రతి ఫొటోకీ వేలెడంత వెనక్కి వాలాడు.

అంత మందంగల, గట్టిగా చదునుగా ఉండేది ఏం దొరుకుతుందా అని ఇంట్లో వస్తువులన్నీ ల్యాబులోని స్క్రూగేజికి పెట్టి చూశాను. పోస్టుకార్డు మందం ఎక్కువ, కూల్‌డ్రింకు డబ్బా రేకు పల్చన. అప్పుడు గుర్తొచ్చింది మా మేనత్త.

అత్తయ్య మా వీధి చివర ఉంటుంది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. నలభై దాటిన కొత్తలో ఒక ఉదయం నిద్ర లేచేసరికి ఆవిడ మొహంలో ఎడమవైపు కదలడం మానేసింది. చాలావరకు బాగుపడింది గానీ, ఆ వైపు పెదవి కాస్త జారి, రెప్ప పూర్తిగా మూతపడకుండా ఉండిపోయింది. అప్పట్నుంచీ ఆవిడ ఫొటో దిగలేదు. నా పెళ్లి ఆల్బమంతా వెతికితే అత్తయ్యది ఒక భుజం, వడ్డిస్తున్న చెయ్యి దొరుకుతాయి. తప్పనిసరై దిగిన ఆధార్ కార్డు మీది ఫొటోని కూడా ఎప్పుడూ బోర్లించే పెడుతుంది.

"అత్తయ్యా, పనికిరాని ఎక్స్‌రే ఏదైనా ఉందా?"

"ఎవరికేమైంది?"

"లెన్సుకి."

వెంట తెచ్చిన కెమెరా చూపించి సంగతంతా చెప్పాను. మంచం కింది పెట్టెలోంచి తన మోకాలి ఎక్స్‌రే తీసింది. ల్యాబు నుంచి పట్టుకొచ్చిన స్క్రూగేజిలో పెడితే సున్నా పాయింట్ ఒకటి తొమ్మిది మిల్లీమీటర్లు. నాకు కావలసింది ఇంచుమించు అదే. ఉంగరంలా గీసి కత్తిరించబోతే వంకరపోయి రెండు పాడయ్యాయి. అత్తయ్య కత్తెర లాక్కుంది. సన్నటి మొనల కత్తెరతో ఒక్క ఊపులో గుండ్రంగా కత్తిరించి, ఫోర్సెప్స్‌తో పట్టుకుని, లెన్సు గొట్టంలో ఆ మెట్టు మీద పడుకోబెట్టింది. మర బిగించాక చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది కూడా, లోపల కదులుతోందేమోనని.

"సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"మళ్లీ స్కేలు పెట్టి తియ్యాలి."

"స్కేలెందుకు? నువ్వు తీసేది మొహాలైతే మొహం పెట్టే చూడాలి కదా." కుర్చీ తీసుకెళ్లి వరండాలో, వెలుతురు పక్కనుంచి పడేచోట వేసుకుని కూర్చుంది. "తియ్యి."

ఏమన్నా అంటే లేచి వెళ్లిపోతుందేమోనని భయం. కెమెరాని కంటికి ఆనించుకున్నాను. ఎక్కడ చూడాలో తెలియనట్టు అత్తయ్య కాసేపు గుమ్మంకేసి, కాసేపు నా చేతులకేసి చూసింది.

"ఏ కంటికి కలుపుతున్నావ్?"

ఆ లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం పూర్తిగా తెరిచినప్పుడు, ముందువెనకలుగా రెండు వేళ్ల మందం మేరే స్పష్టంగా వస్తుంది. మొహం కొంచెం పక్కకి తిరిగినా ఒక కన్నే దక్కుతుంది, రెండోది మెత్తబడిపోతుంది. బాగున్న కంటికే కలుపుదామని మనసులో అనుకున్నాను.

"కుడి కంటికి," అన్నాను.

"అదెలా ఉంటుందో నాకు తెలుసు. ఇటుదానికి కలుపు." ఎడమ భుజం ముందుకి తెచ్చి కూర్చుంది.

పసుపు మచ్చలో ఆ కన్ను రెండుగా ఉంది. రెండు రెప్పలు, వరండా బయటి ఆకాశం తెల్లటి చుక్కగా రెండుసార్లు. రింగు తిప్పుతూ ఉంటే చుక్క చుక్కలోకి వచ్చింది. ఇంత దగ్గరగా, ఇంతసేపు ఆ కన్నుని నేనెప్పుడూ చూడలేదు. మర్యాదకి ఎప్పుడూ కుడివైపే చూస్తూ మాట్లాడేదాన్ని. నొక్కాను. మూడు తీశాను.

ఫిల్ము కడిగేటప్పుడు ఐసు బకెట్టు దగ్గర థర్మామీటర్ పట్టుకు కూర్చున్నది అత్తయ్యే. ఆరాక నెగెటివ్‌ని తెల్లటి స్క్రీను మీద పెట్టి ఫోన్‌తో తీసి, నలుపుని తెలుపుగా మార్చి ఇచ్చాను. చూసి నొసలు చిట్లించింది.

"తిరగేశావేంటే? నా వంకర ఇటు కదా, ఇందులో అటుంది."

నాకూ అనుమానం వచ్చి ఫిల్ము అంచు మీది అంకెలు చూశాను. తిన్నగానే ఉన్నాయి. "లేదండి అత్తయ్యా. మీరు రోజూ చూసుకునేది అద్దంలో. మేం చూసేది ఇదే."

లేచి వెళ్లి చేతి అద్దం తెచ్చింది. ఫోన్ని అద్దానికెదురుగా పట్టుకుని అందులో చూసింది. "ఇదిగో, ఇది నేను." మళ్లీ అద్దం పక్కన పెట్టి ఫోన్లో చూసింది. అలా నాలుగైదుసార్లు మార్చి మార్చి చూసింది, వార్డులో ఇద్దరు రోగుల చార్టులు పోల్చి చూస్తున్నట్టు.

"ఇరవై ఆరేళ్లుగా మీరంతా ఈవిడ్ని చూస్తున్నారా," అంది.

"ఆఁ."

"వంకర నేననుకున్నంతా ఉంది." రెండు వేళ్లతో స్క్రీను మీద కన్నుని పెద్దది చేసింది. రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ ఉన్నాయి. కనుపాపలో వరండా స్తంభాలున్నాయి. చెవి మసకలోకి పోయింది. "కన్ను మాత్రం బాగానే చూస్తోంది. అది చచ్చిపోయినట్టు ఉంటుందనుకున్నాను."

ఆ మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. రింగు సరిగ్గా కుదిరినట్టేనని చెప్పాను. "కుదరకేం, నేను కదా పెట్టింది," అంది.

రెండు నెలల తర్వాత చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు వార్షికోత్సవానికి గుంపుగా ఫొటో దిగారు. ఎవరో ఫోన్తో తీశారు. అత్తయ్య ముందు వరసలో, మధ్య కుర్చీలో కూర్చుంది. ఒకరిద్దరు ఆశ్చర్యంగా చూశారు. ఆ ఫొటో వాట్సాప్‌లో వచ్చాక ఆదివారం ఆరాధనకి ముందు నా పక్కన కూర్చుని, ఫోన్ నా ఒళ్లో పెట్టింది.

"ముప్ఫై మందిమి, మూడు వరసలు. ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ అందరూ ఒకేలా స్పష్టంగా ఉన్నారు. నీ లెన్సు ఒక కన్ను పట్టుకోవడానికే అంత అవస్థ పడిందే. ఇదెలా పట్టుకుంది ఇంతమందిని?"

చేతిలో ఉన్న ఆరాధన పాటల కరపత్రం వెనక ఖాళీ ఉంటే పెన్ను తీసి నా కెమెరా పెద్ద లెన్సూ, పక్కన ఫోన్లో ఉండే గోరంత లెన్సూ గీశాను. వాటిలోంచి కిరణాలు గీస్తుంటే అత్తయ్య కళ్లద్దాలు సర్దుకుని దగ్గరకి వంగింది. "ఈ చిన్నదానిలోంచి వచ్చినవి ఇంత సన్నగా ఎందుకు గీశావు?" అని అడిగింది. ఈలోగా పాట మొదలైంది. అందరం లేచి నిలబడ్డాం. కరపత్రం ఆవిడ చేతిలోనే ఉంది.