గడప మీద జాజు గీత

నిన్న నంద్యాలలో మనుమరాలిని ఐదో నెల పరీక్షకు తీసుకుపోయాను. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఉంటే, తెర వెనక బీపీ పట్టీలోంచి గాలి బుస్సుమని జారిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వింటే ఊపిరి బిగబట్టడం నాకు నలభై ఏళ్లు దాటిన అలవాటు. “అంతా బాగుంది తాతా” అంటూ పిల్ల బయటికి వచ్చేదాకా వదల్లేదు. ఆసుపత్రిలో ఫినాయిలు వాసన వస్తోందని అందరూ కొంగులు అడ్డం పెట్టుకుంటే, నా ముక్కుకు మాత్రం పాత బీడీ పొగ తగిలింది. ఆ చప్పుడునూ ఆ వాసననూ నా మనసులో ముడేసిపోయిన మనిషి సుగుణమ్మ. డెబ్భైల చివర్లో ఆళ్లగడ్డలో గవర్నమెంటు నర్సు. పొట్టి మనిషి, మగవాళ్ల చెప్పులు. పాదరసం బీపీ పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. అంత మనిషి మా ఇంటికి వచ్చేదని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గొప్పే.

మాది విగ్రహాలు చెక్కే ఇల్లు. రోడ్డు వైపు పని పాక, దాని వెనకే కిటికీ ఒక్కటే ఉన్న నడవ. నాయన, ఇద్దరు అన్నలు, నేను, నలుగురమూ బీడీలు తాగేవాళ్లం. కానీ నాయనది గట్టి కట్టడి. రాయి దగ్గర బీడీ వెలగకూడదు. అది ఇంకా చదరం బండగా ఉన్నా సరే, అందులో ఎవరున్నారో నీకేం తెలుసనేవాడు. అందుకని తలా ఒక బీడీ పట్టుకుని లోపలికి పోయి నడవలో కూర్చుని తాగేవాళ్లం. వానాకాలం తలుపు కూడా మూసుకునేవాళ్లం. దేవుడి మీద ఎంత భక్తో చూడండని మా మీద మాకే మురిపెం. ఆ నడవలోనే నా భార్య రుక్మిణి కడుపుతో ఉండేది. తొలి కాన్పు ఏడో నెలలోనే పోయింది. అప్పుడు కాళ్లు ఉబ్బితే అమ్మ “కడుపుతో ఉంటే ఉబ్బవా” అన్నది, అందరమూ అదే అనుకున్నాం. ఇది రెండోది. ఈసారీ పోతే రుక్మిణి తట్టుకోదని నాకు తెలుసు, పైకి మాత్రం అనలేదు.

ఐదో నెలలో సుగుణమ్మ వచ్చి బీపీ చూసింది. మళ్లీ చూసింది. మోకాలి కింద బొటనవేలితో నొక్కితే పడిన గుంట తొందరగా పూడలేదు. “రేపే నంద్యాలకు పోయి డాక్టరమ్మకు చూపీండి” అన్నది. పోయాం, మాత్రలు తెచ్చుకున్నాం. పది రోజులకు సుగుణమ్మ మళ్లీ వచ్చేసరికి వాన పడుతోంది, నడవలో మేం నలుగురమూ బీడీలతో కూర్చుని ఉన్నాం. ఆమె పెట్టె దించకుండా ముందు కిటికీ తెరిచింది.

“ఏందప్పా ఇది, ఇల్లా బట్టీనా? ఈ కడుపుతో ఉండే పాప యాడ గాలి పీల్చుకోవాల?”

“ఆమె తాగదు కదమ్మా” అన్నాడు నాయన.

“మీరు తాగి వదిలింది యాడికి పోతాది? ఆమె లోపలికే. అసలే రక్తపోటు ఎక్కువుండాది. పొగ దాన్ని ఇంకా ఎగదోస్తాది. లోపలుండే బిడ్డకూ మంచిది కాదు. బయట పాకలో తాగండి.”

నాయన ముఖం కందింది. “ఆడ రాయి ఉండాది. దేవుని దగ్గర తాగేది మా వంశంలో లేదు.”

“ఆ రాయికి కండ్లు తెరిచినారా పెద్దాయనా?”

“ఇంకా లేదు. కండ్లు ఆఖరి పని.”

“కండ్లు తెరవని దేవునికి అంత మర్యాద చేస్తాండారే. ఈడ లోపల కండ్లు తెరవకుండా ఉండే వాళ్లకేం చేస్తాండారు?”

నాయనకు ఎదురు చెప్పిన ఆడమనిషిని నేను చూడటం అదే మొదటిసారి. ఆయన బీడీ ఆర్పి, లేచి పాకలోకి పోయాడు. కోపగించుకుని పోయాడనుకున్నాం. జాజులో, అదే ఎర్రమన్ను నీళ్లలో, ముంచిన దారంతో తిరిగి వచ్చాడు. కొలత తప్పకుండా రాయి మీద ఎర్ర గీత కొట్టుకునే దారం అది. ఒక కొస నన్ను పట్టుకోమని గడప మీద టప్పున కొట్టాడు. “ఇది దాటి బీడీ రాగూడదు. పాకలోనూ తాగగూడదు. పోండి, రోడ్డవతలికి పోండి.” ఆ రోజు నుంచి నలుగురమూ ఎండనకా వాననకా రోడ్డు దాటి, బస్సుల దుమ్ములో నిలబడి తాగేవాళ్లం. ఆళ్లగడ్డంతా నవ్వింది, నవ్వనీ.

నేను మాత్రం దొంగనే. పెరట్లో బావి వెనక గుట్టుగా లాగి వచ్చి రుక్మిణి పక్కన కూర్చునేవాణ్ణి. సుగుణమ్మ ఒకరోజు నా చొక్కా వాసన పట్టింది. “బీడీ గీత దాటలేదులే అప్పా. నువ్వే దాటినావు” అని అంతటితో వదిలేసింది. తిట్టి ఉంటే ఇంకో నాలుగు రోజులు తాగేవాణ్ణేమో. సిగ్గుతో మానేశాను, మళ్లీ ముట్టలేదు.

ఎనిమిదో నెలలో ఒక ఉదయం నేను విగ్రహానికి కళ్లు చెక్కడానికి కూర్చున్నాను. గుడివాళ్లు ఆ సాయంత్రమే తీసుకుపోవాలి. రుక్మిణి గడప దగ్గరికి వచ్చి, తల పగిలిపోతోందనీ, విగ్రహం మసకగా, రెండుగా కనిపిస్తోందనీ అన్నది. కాసేపు పడుకుంటే తగ్గుతుందన్నది అమ్మ. కానీ తల నొప్పీ కళ్ల మసకా వస్తే గడియ కూడా ఆగొద్దని సుగుణమ్మ మా అందరిచేతా అప్పజెప్పించి ఉంది. ఉలి కింద పెట్టేశాను. కబురందగానే ఆమె పెట్టెతో పరుగెత్తి వచ్చి, బండలు మోసే లారీ ముందు సీట్లో రుక్మిణిని ఒళ్లో పడుకోబెట్టుకుని నంద్యాల దాకా వచ్చింది. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి బిడ్డను తీసింది. ఆడపిల్ల, పిడికెడంత. తల్లీ బతికింది, బిడ్డా బతికింది. సుగుణమ్మ బయటికి వచ్చి ముఖం కడుక్కుని, “కండ్లు తెరిచింది, పోయి చూడుపో” అన్నది. అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను.

ఆళ్లగడ్డలో నాయన గుడివాళ్లతో, “మా ఇంట్లో కండ్లు తెరిచినాకనే మీ సామికి తెరుస్తాం” అన్నాడట. వాళ్లు రెండు రోజులు ఆగారు. పొగ మానినందుకే బిడ్డ దక్కిందని నేను అనను. మాత్రలున్నాయి, ఆపరేషన్ ఉంది, సుగుణమ్మ ఇల్లిల్లూ తిరిగిన నడక ఉంది. ఏది ఎంత పని చేసిందో నాకు తెలియదు. మా భక్తి ఎవరి మీద పొగ వదులుతోందో ఆమె చూపించింది, అది మాత్రం తెలుసు. తర్వాత ఆమెను ఆత్మకూరుకు మార్చారు. అక్కడే పోయిందని విన్నాను.

ఆ పిడికెడు బిడ్డ కన్న కూతురే నిన్నటి మనుమరాలు. కాన్పు దాకా మా ఇంట్లోనే ఉంటుంది. ఈ ఉదయం జాజు కలిపి, దారం ఒక కొస ఆమెకిచ్చి, వెలిసిపోయిన గీత మీద మళ్లీ కొట్టాను. పనికి కొత్తగా చేరిన శిల్పి బీడీ నోట పెట్టుకుని వస్తూ గడప ముందు ఆగాడు.

“ఏందన్నా ఈ గీత?”

“సుగుణమ్మ గీత అప్పా. లోపల ఇంకా కండ్లు తెరవనోళ్లు ఉండారు. పోయి రోడ్డవతల ఆర్పేసి రా.”