పువ్వుల పళ్ళెం, గోవింద బియ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం తినమని ఎవరూ ఎవరినీ బతిమాలినట్టు గుర్తులేదు. కుండ దించగానే వచ్చి కూర్చోవాలి, ఆలస్యమైతే అడుగంటిన మాడే మిగిలేది. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి, అరవై దాటి, ఉద్యోగం మానుకుని, హాయిగా కూర్చుందామనుకున్న రోజుల్లో ఒక పిల్లను తినమని పూట పూటా బతిమాలుకోవలసి వచ్చింది. దేశంలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ మాలాంటి భారతీయులూ అందరం మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓట్లు వేసిన ఏడాది అది. ఎవరిని కదిపినా కొత్త రోజుల గురించే మాట. నా డైరీలో మాత్రం ఆ వారాలన్నిటా ఒకటే మాట: ఈ రోజూ సరిగ్గా తినలేదు.

మేముండేది భారతీయులకని అప్పట్లో కేటాయించిన పేట అయిన రిజర్వాయర్ హిల్స్‌లో. ఆ పిల్ల మా ఎదురింట్లో పనిచేసే జూలూ ఆవిడ కూతురు. తల్లితోపాటు ఆ ఇంటి వెనక గదిలో ఉండేది. తల్లి జబ్బు చేసి పోయింది. సొంత ఊళ్ళో ఇల్లు అంతకుముందే రాజకీయ గొడవల్లో కాలిపోయింది, బంధువులు ఎటు చెదిరిపోయారో ఎవరికీ తెలియదు. ఇలాంటి పిల్లల బాగోగులూ, వాళ్ళను ఇంట్లో పెట్టుకుని పెంచే కుటుంబాల బాగోగులూ చూసే కేంద్రం ఒకటి విశ్వవిద్యాలయంలో ఉండేది. అందరం సెంటర్ అనేవాళ్ళం. పిల్లకు తెలిసిన వీధిలోనే ఉంచితే మంచిదని వాళ్ళు మా తలుపు తట్టారు. మా ఆవిడ ఆలోచించకుండా సరే అంది. నేను ఆలోచించి సరే అన్నాను.

మొబేనీలో ఒక ఫ్యాక్టరీ గోదాములో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఏ వస్తువుకు ఆ అర ఉంటే ఇల్లయినా గోదామైనా సవ్యంగా నడుస్తుందని నా నమ్మకం. పిల్ల వచ్చేలోగా తన బట్టలకో అర, తన తువ్వాలుకో మేకు, తన దుప్పటికో పెట్టె ఏర్పాటు చేశాను. మా ఆవిడ బజారుకు వెళ్ళి ఎర్రపువ్వుల ఎనామెల్ పళ్ళెం, దానికి జతగా మగ్గు తెచ్చింది. మా స్టీలు పళ్ళేల పక్కన వాటికీ చోటు చూపించాను. ఇంతకంటే పద్ధతిగా ఎవరు చేస్తారు?

పిల్ల వచ్చింది. తొమ్మిదేళ్ళుంటాయేమో. పొద్దున్నే లేచి ఎవరూ చెప్పకుండానే వంటింటి నేల తుడిచేది. మా ఆవిడను మేడమ్ అని పిలిచేది. భోజనానికి పిలిస్తే ఆకలి లేదనేది. మేం తిని లేచాక, గిన్నెలన్నీ కడిగాక, తన పువ్వుల పళ్ళెంలో నాలుగు మెతుకులు పెట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చునేది. మెడ ఎముకలు బయటపడ్డాయి. మా ఆవిడ పప్పు మార్చింది, కూర మార్చింది, జూలూ వాళ్ళు ఇష్టంగా తినే మొక్కజొన్న పిండి వంటకం ఎవర్నో అడిగి నేర్చుకుని చేసింది. ఏదీ పనిచేయలేదు.

సెంటర్ నుంచి ఒక అమ్మాయి ప్రతి మంగళవారం వచ్చేది. వచ్చిన మొదటిరోజే ఆ పళ్ళెం వంక చూసి, “ఇది ఎందుకు వేరుగా ఉందండీ?” అంది. “మా ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా అందమైనది కనుక,” అని మా ఆవిడ మండిపడింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆ అమ్మాయికి అలవాటు, నాకు చిరాకు. బతిమాలకండి అనేది. మరేం చేయాలమ్మా అంటే, మీకేమనిపిస్తోంది అని తిరిగి నన్నే అడిగేది. చివరికి ఒక మంగళవారం మెల్లగా అసలు సంగతి చెప్పింది. పిల్ల ఇలాగే చిక్కిపోతుంటే నెలాఖరుకి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో పిల్లల హోమ్‌కి పంపక తప్పదట. ఆ మాట గుమ్మం దగ్గర పిల్ల కూడా విన్నది. మర్నాడు వంటింటి నేల రెండుసార్లు తుడిచింది.

ఆ వారాంతంలోనే సెంటర్‌లో మాలాంటి కుటుంబాల సమావేశం. నేను ప్రశ్నలన్నీ రాసుకుని వెళ్ళాను. వాళ్ళేమో మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరైనా బాగా చూసుకున్న రోజు ఒకటి చెప్పండి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పిల్ల ఎందుకు తినడం లేదో చెప్పమంటే ముసలాణ్ణి కథ చెప్పమంటారేమిటి? అయినా నా వంతు వచ్చింది. నోటికి వచ్చింది చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టింది ఉత్తర తీరంలో, చెరకు ఎస్టేటు కూలీల రేకుల ఇళ్ళలో. అప్పటికి నాకు డైరీ లేదు కనుక ఏ ఏడాదో కచ్చితంగా రాయలేను, అదొక అసంతృప్తి. మా పక్క గదిలో ఉండే అక్కకు తల్లి పోయింది, తండ్రి బొగ్గు గనుల్లో పనికని వెళ్ళి మరి రాలేదు. మా అవ్వ వెళ్ళి ఆమె చాపా మూటా తెచ్చి మా గదిలో పడేసింది. పడేసింది అనే అంటున్నాను, మా అవ్వ ఏ పనీ నెమ్మదిగా చేసేది కాదు. ఆ అక్క కూడా ఇంతే. తెల్లవారకముందే నీళ్ళు మోసేది. తినమంటే ఆకలి లేదనేది. అందరూ తిన్నాక కుండ గోకి తినేది. మా అవ్వ తిట్లు వరసంతా వినిపించేవి. “ఓసి మొండిఘటమా, నీ మౌనం మండ, తిని ఏడువు,” అనేది. అక్క ఏడ్చేది గాని తినేది కాదు.

ఈలోగా పెరటాసి నెల వచ్చింది. తమిళం వాళ్ళతో కలిసిపోయి ఆ నెలకు మేమూ అదే పేరు పెట్టుకున్నాం. ఆ నెల శనివారాలు మాకు గోవిందుడి పేర ఉపవాసం. చెంబుకు పసుపు రాసి, మూడు నామాలు పెట్టి, ఇంటి పిల్లవాడు గుమ్మం గుమ్మానికీ వెళ్ళి గోవిందా అని కేకవేయాలి. ఉన్నవాడైనా లేనివాడైనా ఆ రోజు అడిగి తెచ్చిన బియ్యమే వండుకోవాలి. మా ఇంటికి ఆ చెంబు మోసేది నేను. నాకు అంతకంటే పెద్ద పదవి లేదు.

ఆ శనివారం మా అవ్వ చెంబును అక్క చేతిలో పెట్టింది. నా చేతికి గంట ఇచ్చి వెనక నడవమంది. నేను నేలమీద పడి దొర్లాను, లాభం లేకపోయింది. దారిలో అక్క అంది, “నా తిండికి నన్నే అడుక్కురమ్మంది మీ అవ్వ.” నాకు ఇంకా మండింది. “నీ తిండికేం కాదు, దేవుడికి. అయినా అది నా చెంబు,” అన్నాను. మొదటి గుమ్మం ముందు ఆమెకు గొంతు పెగల్లేదు. నేనే కేకవేశాను. రెండో ఇంట్లోనూ నేనే. ఆ తరవాత ఒక గుమ్మంలో ముసలమ్మ ఒకావిడ, దోసిలితో బియ్యం పోసి, అక్క కాళ్ళకు దండం పెట్టింది. ఆ రోజు చెంబు పట్టుకున్నవాళ్ళకు అలా పెట్టడం మా ఆచారం. నాకు ఏటా పెట్టేవాళ్ళే గనుక నేను పట్టించుకోలేదు. అక్క మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఆ పక్క గుమ్మం దగ్గర తనే గోవిందా అంది, చిన్న గొంతుతో.

పొద్దు వాలుతుండగా అన్నం అయింది. పొద్దుటినుంచి పస్తున్న అందరం అరిటాకుల ముందు కూర్చున్నాం. మా నాన్న చెరకు కొట్టి వచ్చి కుండవైపే చూస్తున్నాడు. అప్పుడు మా అవ్వ ప్రకటించింది, బియ్యం తెచ్చినవాళ్ళు మొదటి ముద్ద తినేదాకా ఇంట్లో ఎవరూ ముట్టకూడదని.

“నేను తెచ్చినప్పుడు తాతయ్యేగా ముందు తిన్నాడు,” అన్నాను. మా అవ్వ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

అక్క తల వంచుకుని, “ఆకలి లేదవ్వా,” అంది.

“అయితే మాకూ లేదు. మూత పెట్టేయండి.”

ఎవరూ కదల్లేదు. మా తాతయ్య గొంతు సవరించుకుని, “ముసలాణ్ణి పస్తు పెట్టిన పాపం నీకెందుకు తల్లీ,” అన్నాడు. అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. అందరం ఆమె గొంతువైపే చూస్తున్నాం. “ఇక మేం తినొచ్చా?” అని తాతయ్య అడిగాడు, నిజంగానే సెలవు అడుగుతున్నట్టు. అక్క తల ఊపింది. మా ఇంట్లో ఆమె ఎవరికైనా సెలవివ్వడం అదే మొదలు. ఆ తరవాత పెళ్ళయి వెళ్ళేదాకా ఆమెకు తినమని చెప్పవలసిన అవసరం రాలేదు.

మర్నాడు చెంబును చింతపండుతో తోముతున్న అవ్వ దగ్గరికి వెళ్ళి, లేని నియమం ఎందుకు చెప్పావని నిలదీశాను. ఆమె తల ఎత్తలేదు. “ఎప్పుడూ మనమే పెట్టేవాళ్ళమైతే, అది ఎక్కడ కూర్చుంటుందిరా?” అంది.

సెంటర్‌లో ఈ మాట దాకా చెప్పి ఆగిపోయాను. పళ్ళెం ఎందుకు వేరుగా ఉందని మొదటిరోజే ఆ అమ్మాయి అడిగినదీ మా అవ్వ చెప్పినదీ ఒకటేనని తెలిసి నా మీద నాకే విసుగొచ్చింది.

తిరిగి వస్తుంటే కారులో మా ఆవిడ అంది, “ఎదురింటావిడ కూడా దీని అమ్మకు వేరే పళ్ళెమే పెట్టేది. ఎనామెల్‌దే.”

“దానికి పువ్వులు లేవు,” అన్నాను.

“పువ్వులు నేను కొన్నాను,” అంది.

అప్పుడూ పెరటాసి నెలే. శనివారాలు ఇంకా మిగిలి ఉన్నాయి. వేరే మతం పిల్లను తీసుకెళ్ళవచ్చా అని సెంటర్ అమ్మాయిని అడిగితే, ఆ పిల్లనే అడగండి అంది. ఆ జవాబు నాకు ముందే తెలిసి ఉండాల్సింది. పిల్లకు జూలూలో విషయమంతా చెప్పాను. ఫ్యాక్టరీలో నేర్చుకున్న జూలూ, తప్పుల తడక. పిల్ల ఆలోచించింది.

“దేవుడు మీవాడా?”

“దేవుడు మావాడే. బియ్యం మాత్రం వీధి అందరిదీ.”

“ఎదురింటికి కూడా వెళ్తామా?”

“వెళ్తాం. వీధి తలుపుకే.”

“అయితే వస్తా,” అంది.

చెంబు తనే పట్టుకుంది. గంట నేను పట్టుకున్నాను, ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ. ఎదురింటి ముందు గుమ్మానికి రెండు మెట్లు ఎక్కాలి. ఆ పిల్ల వాటిని ఎన్నడూ ఎక్కి ఎరగదు, ఎప్పుడూ పెరటి దారే. నేను కేకవేశాను. ఎదురింటావిడ తలుపు తీసి, ముందు చెంబును చూసి, తరవాత పిల్లను చూసి, అలాగే ఉండిపోయింది. లోపలికి వెళ్ళింది. ఇక రాదేమో అనుకున్నాను. రెండు చేతుల నిండా బియ్యం తెచ్చి, ఒక్క గింజ కింద పడకుండా పోసింది. తరవాత వంగి పిల్ల పాదాలు తాకి కళ్ళకద్దుకుంది. పిల్ల నావైపు చూసింది. “అలాగే చేస్తారు,” అన్నాను.

మధ్యాహ్నం బల్ల మీద మూడు అరిటాకులు వేశాం. పువ్వుల పళ్ళెంలో అప్పడాలు పెట్టింది మా ఆవిడ. పిల్ల అలవాటుగా పెరటి తలుపు వైపు తిరిగింది. నేను నియమం చెప్పాను. బియ్యం తెచ్చినవాళ్ళు తినేదాకా ఎవరమూ తినకూడదు.

“నిజంగానా?”

“మా అవ్వ పెట్టిన నియమం.”

పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది. మేమిద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాం. ఒక ముద్ద నమిలి, ముఖం చిట్లించి, మా ఆవిడ వైపు తిరిగింది. “గోగో, ఉప్పు లేదు.” జూలూ పిల్లలు అవ్వను అలా పిలుస్తారు. మేడమ్ అన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

“మొదటి ముద్దకే వంకలు,” అంటూ మా ఆవిడ ఉప్పు కోసం లేచింది. వంటింట్లోంచి తిరిగి రావడానికి ఉప్పుకు పట్టే సమయం కంటే చాలా ఎక్కువ పట్టింది.

ఆ మంగళవారం సెంటర్ అమ్మాయి వచ్చేసరికి పిల్ల చిక్కుళ్ళు తిననని మొండికేసి కూర్చుని ఉంది. మా ఆవిడ అరుస్తోంది. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి కాసేపు ఆ గొడవ విని, తెచ్చిన ఫైలు సంచిలో పెట్టేసి, టీ దొరుకుతుందా అంది. హోమ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ పళ్ళెం ఎక్కడుంటుందో నాకు తెలియదు. పువ్వులది ఒక్కోసారి నా ముందుకే వస్తుంది. తువ్వాళ్ళన్నీ కలిసిపోయాయి. ఆ పిల్లకు చిక్కుళ్ళు పడవు, పప్పు చిక్కగా ఉండకూడదు, నేను గురక పెడతానట. ఇంత అస్తవ్యస్తంగా నేనెప్పుడూ బతకలేదు. అయినా అన్నం కలిపాక నా చెయ్యి ఇంకా ఆగుతుంది. ముందు ఆ పిల్ల మొదటి ముద్ద తినేదాకా చూస్తాను. ఆమెకు అది అలవాటై, నావైపు విసుగ్గా చూసి, “ఇక తినండి,” అంటుంది. అప్పుడు తింటాను.