కురాషినా ఇంటి గుడ్ల అట్ట

ఉయెదా ఊళ్లో పట్టుపురుగుల గుడ్లమ్మే కొట్టులో త్సునే అంటే యాసిడ్ గది మనిషి. ముప్ఫై ఏళ్లుగా పొద్దున్నే తొట్టి ముట్టుకునే ముందు కురాషినా దంపతులను తలుచుకోనిదే పని మొదలెట్టదు. వేసవి పట్టుగూళ్ల పంటకి, గుడ్లు అంటుకుని ఉన్న అట్టను వెచ్చటి యాసిడ్‌లో ముంచితేనే గుడ్లు నిద్ర లేస్తాయి. ఘాటు తగ్గితే లేవవు, ఎక్కువైతే చస్తాయి. రైతు ఇంటిల్లిపాదీ ఆ అట్ట మీదే ఆశలు పెట్టుకుని ఉంటారు మరి.

ఆ పని నేర్పింది మేస్త్రీ కురాషినా.

"మన దగ్గరున్నది ముప్ఫై ఆరు శాతం యాసిడ్. కావలసింది పదిహేను. తీసేస్తే ఎంత?"

"ఇరవై ఒకటండీ."

"అవి నీళ్ల పాళ్లు. యాసిడ్ పదిహేను పాళ్లు. తూచి కలపాలమ్మాయ్, గరిటెతో కొలవకు."

చెప్పడమైతే చెప్పాడు. వింటేగా! చేరిన మొదటి వేసవిలోనే, త్రాసు దగ్గర జనం మూగి ఉంటే ఆగలేక గరిటెతో కొలిచేసింది. గరిటెడు నీళ్లకన్నా గరిటెడు యాసిడ్ బరువన్న సంగతి ఆ తొందరలో తట్టి చావలేదు. మొమొసె అనే రైతుకివ్వాల్సిన అట్టను ఆమె ముంచి తీసేసరికి కురాషినా వచ్చాడు. ఘాటు చూసే గాజుగొట్టం తొట్టిలో వదిలితే, మునగాల్సిన గీత దాకా మునగనే లేదు, ఘాటు ఎక్కువైపోయింది.

మొమొసెకి ఆ వేసవికి ఉన్నదల్లా ఆ ఒక్క అట్టే.

కురాషినా ఆ అట్ట తీసి పక్కన పెట్టాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "దీని మీద మా ఇంటి పేరు రాయి. మా ఇంట్లో పెంచుకోడానికి ఉంచిన అట్ట సరిగ్గా ముంచి మొమొసెకిచ్చెయ్."

"మరి మీ ఇంట్లో?"

"మా ఆవిడతో నేను పడతాలే. నువ్వు ముందు తూచు."

మొమొసె ఇంట్లో పంట బ్రహ్మాండంగా పండింది. కురాషినా ఇంట్లో గుప్పెడు పురుగులు లేస్తే గొప్ప. క్షమాపణ చెప్పుకుందామని వెళ్లిన త్సునే వాళ్ల గడపలోనే తలవంచుకుని కూర్చుంది. కురాషినా భార్య సావా టీ, ఊరేసిన ఆకుకూర తెచ్చి ముందు పెట్టింది.

"ఏటా మల్బరీ ఆకు కోసి కోసి నడుం పడిపోయేది. ఈ ఏడు నీ పుణ్యమా అని కాస్త కూర్చున్నా. ముందు టీ తాగు."

త్సునే టీ అందుకుంది.

"వచ్చే ఏడు కూడా మా అట్ట నువ్వే ముంచాలి" అంది సావా. "ఇంకెవరికీ ఇవ్వొద్దని ఆయనతో చెప్పేశాను."

అంతవరకూ బిగబట్టుకున్న త్సునే అప్పుడు బావురుమంది.