చిలకమ్మ బోర్డు మీద ఎండ

బోర్డు రాయించుకోవడానికి ఎవరొచ్చినా సూర్యం ముందు అడిగేది దుకాణం పేరు కాదు, "మీ కొట్టు ఏ ముఖం?" అని. అది తేలితే గానీ కుంచె ముట్టుకునేవాడు కాదు. నీడ వేస్తేనే అక్షరం రేకు మీంచి లేచి నిలబడుతుందని అతని నమ్మకం. ఆ నీడ కూడా ఆ గోడ మీద నిజంగా పడే ఎండకు తగ్గట్టే ఉండాలి. పడమర ముఖం కొట్టయితే, ఎదురుగా నిలబడ్డవాడికి ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ కుడిచేతి వైపు నుంచి వస్తుంది. అందుకని నీడ ఎడమకు. పేరుకు తగ్గట్టు ఎండనంతా గుత్తకు తీసుకున్నాడని ఉత్తరాదిలో తెలుగువాళ్ళు వలసొచ్చి స్థిరపడ్డ పర్సుడీహ్ బజారు ఆటపట్టించేది. ఇరవై రెండేళ్ళు ఆ బజారులో తెలుగు బోర్డు, హిందీ బోర్డు ఏదైనా అతని చేతిదే.

రెండువేల నాలుగు నాటికి ఫ్లెక్సులు వచ్చిపడ్డాయి. పొద్దున చెబితే సాయంత్రానికి కట్టేసే సరుకు, రెండు వానాకాలాలకు వెలిసిపోయే సరుకు. అయినా జనం వాటికే ఎగబడ్డారు. సూర్యం రంగు డబ్బాలు మూతలు బిగుసుకుపోయి మూల పడ్డాయి. అంత పనిమంతుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టిన రోజులవి, తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

చివరికి ఆదిత్యపూర్‌లో ఫ్లెక్స్ కొట్టు పెట్టిన నాగేంద్రబాబు పిలిచాడు. "మా కంప్యూటర్లో తెలుగు రాదు సూర్యం గారూ. మీరు చేత్తో రాసివ్వండి, స్కాన్ చేసుకుందాం. మిగతా పని కూడా నేర్చుకోండి. ఒక్క బోర్డు తప్పు లేకుండా మీ అంతట మీరు చేసి చూపిత్తే పన్లో ఉంచుతాను. నేకపోతే మాత్రం నన్నేటనుకోవద్దు."

యాభయ్యేళ్ళ మనిషికి పరీక్ష! సూర్యం సరేనన్నాడు. ఇంకేమంటాడు?

నేర్పింది అక్కడ డిజైన్లు చేసే మనస్వి. తెలుగు పిల్లే, కానీ తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. మొదటిరోజే నీడ చూపించింది. "అంకుల్, యే డ్రాప్ షాడో. బస్, ఏక్ క్లిక్."

తనకు పూటంతా పట్టే నీడ రెప్పపాటులో వచ్చి కూర్చుంది. సూర్యం గుండె జారిపోయింది. తెర దగ్గరికి వంగి అడిగాడు, "ఎవులికైనా నీడ కుడేపే పడతాదేటమ్మా?"

"హాఁ, సబ్‌కా వైసా హీ ఆతా హై." అందరికీ అలాగే వస్తుందట.

"మరి పడమర ముఖం కొట్టుకో?"

పిల్ల నవ్వి, తెర మీద ఒక చిన్న చక్రం చూపించింది. అందులో ముల్లు తిప్పితే వెలుగు ఎటు కావాలంటే అటు మారుతుంది. సూర్యం గంటసేపు ఆ ముల్లు తిప్పుతూనే కూర్చున్నాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది.

పరీక్ష బోర్డు పర్సుడీహ్‌లో చిలకమ్మ టిఫిన్ కొట్టుకు. పడమర ముఖమే. కొట్టు పేరు సూర్యం కుంచెతో రాసి, స్కాన్ చేసి, అంచులు కత్తిరించి, నీడ ఎడమకు తిప్పాడు. పక్కన చిలకమ్మ ఫొటో పెట్టాడు. పెట్టాక చూస్తే మనసు ఒప్పలేదు. స్టూడియో దీపం ఆవిడ ముఖం మీద, చూసేవాడికి ఎడమవైపు నుంచి పడింది. అక్షరాల ఎండేమో కుడి నుంచి. ఒకే బోర్డు మీద ఇద్దరు సూర్యులు! మనస్వి నేర్పిన మీట నొక్కి ఫొటోను అద్దంలో బొమ్మలా అటుదిటు తిప్పేశాడు. వెలుగు కుదిరింది. నాగేంద్రబాబు పేరూ నంబరూ సరిచూసి అచ్చు వేయించాడు. ఆ సాయంత్రమే కట్టేశారు.

మర్నాడు పొద్దున మనస్వి కంప్యూటర్‌లో ఆ బొమ్మ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అంకుల్, పల్లూ!"

ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట కుడి భుజం మీదికి పోయింది. ఎండ గురించి అంత యాతన పడ్డవాడు పైట చూసుకోలేదు.

"పెద్దావిడ పైట మార్చేసి నడిబజార్లో కడతారా?" నాగేంద్రబాబు కేకలేశాడు. "ఎళ్ళి తప్పొప్పుకుని దింపించుకు రండి. మీ పని సంగతి తరవాత మాట్లాడదాం."

ఆ తరవాత ఏముంటుందో సూర్యానికి తెలుసు. ఖర్కాయి ఏటి వంతెన మీద టెంపోలో కూర్చున్నంతసేపూ క్షమాపణ వల్లెవేసుకున్నాడు. తీరా చేరేసరికి చిలకమ్మ కొట్టు వదిలేసి, రోడ్డు అవతల నిలబడి బోర్డుకేసి చూస్తోంది.

"అప్పా, తప్పయిపోనాది. ఇప్పుడే దింపేత్తాను," అన్నాడు సొంత అక్కతో అన్నట్టు.

"ఆగు," అంది ఆవిడ చూపు తిప్పకుండా. "రేత్రి సూసి అద్దంలో సూసుకున్నట్టే ఉందనుకున్నాను. పొద్దున్న ఇటొచ్చి సూత్తే మాయమ్మ. మా ఊరోళ్ళలాగే ఆవిడిదీ కుడిపైటే. టెక్కలి నుంచి ఇక్కడికొచ్చినా సచ్చిందాకా మార్చనేదు. ఇక్కడోళ్ళు నవ్వుతారని నేనే ఎడంకి ఏసుకున్నాను. ఆవిడ ఫొటో ఒక్కటీ నేదు నాకాడ." ఇటు తిరిగింది. "మాయమ్మని నువ్వెలాగెరుగుదువు?"

ఎరుగుదునంటే గండం గట్టెక్కేది. సూర్యం తల అడ్డంగా ఊపాడు. "ఎరగనప్పా. ఎండ కుదరాలని తిప్పినాను, అంతే. పైట సూసుకోనేదు."

"ఎందుకు తిప్పితేనేటి, ఒచ్చింది కదా! దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను."

అంతటితో ఆగక, పక్క ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి నాగేంద్రబాబుకు తనే ఫోన్ చేసింది. ఆయన ఏమన్నాడో గానీ ఫోన్ పెట్టేసి, "రేపు తొమ్మిదింటికి పన్లోకి రమ్మన్నాడు నిన్ను," అంది. సూర్యం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా కళ్ళు తడిగానే ఉన్నాయి.

మర్నాడు పనికి వెళ్తూ ఆ కొట్టు ముందు ఆగాడు. చిలకమ్మ పొయ్యి దగ్గర నిలబడి దోసెలు వేస్తోంది. పైట కుడి భుజం మీద ఉంది. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ అంతమందిలో ఎవరూ నవ్వలేదు.