బందు రోజున కోటగుళ్ళకు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. దేశానికి మొదటిసారి వచ్చేవాళ్ళు చూడవలసిన చోట్లలో కాకతీయుల నాటి మన గణపురం కోటగుళ్ళు కూడా ఉన్నాయని మనుమరాలు ఫోన్‌లో చూపించేసరికి ఆగలేకపోయాను.

అరవై తొమ్మిదిలో ఉద్యమానికి బడులు మూతపడ్డ రోజులు మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అప్పటికి మా అవ్వ, అంటే బాపు తల్లి, కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. చూపుండగానే ఆ గుళ్ళు చూడాలని పట్టుబట్టి బాపు చేత ఎడ్లబండి కట్టించింది. సద్దిమూటలో జొన్నరొట్టెలు, మరచెంబులో నీళ్ళు పెట్టుకుని నేనూ ఎక్కాను. మూత తిప్పితే కీచుమనే ఆ మరచెంబులు ఇప్పుడెవరింట్లోనైనా ఉన్నాయా? సరే, దారికి వస్తాను.

ఊరు దాటగానే దారికడ్డంగా రాళ్ళు పెట్టి కొందరు పిల్లగాళ్ళు నిలబడ్డారు.

"ఇయ్యాల బందు అవ్వా. బండ్లు పోనియ్యం."

"బందు దేనికి బిడ్డా?"

"మన తెలంగాణ మనకు రావాలె గదా."

"రావాలె. మరి గా కోటగుళ్ళు మనయే గదా, మీరు చూసిన్రా?"

గుళ్ళు అక్కడికి రెండు కోసుల దూరమే. వాళ్ళలో ఒక్కడూ చూడలేదట.

"మీకేంది, ఎప్పుడన్న చూస్తరు. నాకు వచ్చే ఏటికి చూపుంటదో ఉండదో" అంది అవ్వ.

వాళ్ళు రాళ్ళు పక్కకు జరిపారు. ఇద్దరు బండెక్కి అవ్వ పక్కన కూర్చున్నారు. మేము దాటగానే మిగిలినవాళ్ళు రాళ్ళను మళ్ళీ అడ్డంగా పెట్టారు.